పరిభాష యెరుగని వాదములు

భాషను గూర్చిన వాదములు తెలుగునాట నెన్నడును కొరవడలేదు. సభలలో, పఠనమందిరములలో, పత్రికలలో నవి నేటికిని సాగుచునే యున్నవి. వాదించుట మంచిదే. కాని వాదించు నిరువురు నొకే మాటను రెండర్థములలో వాడుచున్నప్పుడు ఆ వాదమునకు తుది యుండదు. మన భాషావాదములలో పెక్కింటికి పట్టిన తెగులిదియే యని మా యభిప్రాయము.

ప్రతి శాస్త్రమునకును తనదగు పరిభాష కలదు. లోకమున "కళ" యనగా సంగీతమో, చిత్రలేఖనమో, ముఖమునందలి కాంతియో. తెలుగు వ్యాకరణమున కళ యనగా ద్రుతమను నకారము చివర చేరని శబ్దము. ఈ రెండింటికిని పొత్తు లేదు. ఇది యెరుగని విద్యార్థికి పరీక్షలో రెండు మార్కులు తగ్గును. అంతకు మించిన నష్టము లేదు. కాని కొన్ని పారిభాషిక పదములను అపార్థము చేసికొనుట వలన సంఘమునకే హాని కలుగుచున్నది.

"గ్రామ్యము" అట్టిది. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణమున గ్రామ్యమనగా లక్షణమునకు విరుద్ధమైన భాష. ఆ నిర్వచనమున పల్లె ప్రసక్తియే లేదు. పట్టణవాసి యగు పండితుడు పలికినను లక్షణవిరుద్ధమైనచో నది గ్రామ్యమే. సేద్యగాడు పలికెడి నీరు, నేల, ఇల్లు, ఎద్దు మున్నగునవి చక్కని దేశ్యములు. అయినను గ్రామ్యమనగా పల్లెటూరివాని మాట యని తలచి, బడికి వచ్చిన రైతుబిడ్డ నోరు తెరచినంతనే నవ్వుచున్నాము. ఆ బిడ్డ మరల నోరు మెదపుటకు జంకును. శిష్టుల వాడుకను గ్రామ్యమని త్రోసివేయరాదని గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) సలిపిన వాదమును గూడ ఈ భేద మెరిగినవారే సరిగా గ్రహింపగలరు.

"తద్భవము" రెండవది. సంస్కృత ప్రాకృతములనుండి పుట్టి రూపు మారిన పదము తద్భవము. యజ్ఞము జన్నమైనది, భక్తి బత్తియైనది. ఇచ్చట పుట్టినది పదమే గాని భాష కాదు. దీనిని మరచి, తెలుగంతయు సంస్కృతమునుండి పుట్టినదనువారు నేటికిని గలరు. క్యాంబెల్ రచించిన తెలుగు వ్యాకరణము 1816లో చెన్నపట్టణమున అచ్చుపడినప్పుడు, ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ దానికొక పీఠిక చేర్చెను. తత్సమ తద్భవ దేశ్యములని మన వైయాకరణులు చేసిన విభాగమునే యాధారముగా గొని, తెలుగు ధాతువులు సంస్కృతమునుండి వచ్చినవి కావనియు, తమిళ కన్నడములతో తెలుగునకు చుట్టరికము కలదనియు నందు చూపెను. కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణము వెలువడినది పిమ్మట 40 ఏండ్లకు, 1856లో.

మూడవది "భాషాకుటుంబము". ఒక మూలభాషనుండి కాలక్రమమున విడివడిన భాషల సమూహమునకిది పేరు. మన మూడు కన్నడమున మూరు, తమిళమున మూన్ఱు. ఇట్టి పోలికలు వేలకొలది మాటలలో నియమబద్ధముగా కనబడుటచేత నీ కుటుంబము నిర్ణయమైనది. ఇందు పలుకువారి రక్తసంబంధము లేదు, ఎక్కువ తక్కువలు లేవు. కుటుంబము వేరనుట సంస్కృతమును నిందించుటయు గాదు. మన తత్సమముల రాశియే ఆ రెండు భాషల చిరకాల సాహచర్యమునకు సాక్షి. ఒకరు దీనిని అవమానముగాను, వేరొకరు ఆయుధముగాను భావించుట పరిభాష నెరుగమి వలననే.

చిన్నయసూరి తన గ్రంథమును సంజ్ఞాపరిచ్ఛేదముతో నారంభించెను. ముందుగా పేర్లకు అర్థము నిర్ణయించి, పిమ్మటనే సంధులలోనికి పోయెను. మనమును ఆ క్రమమునే పాటింపవలయును. ఉపాధ్యాయులు నిర్వచనములను వల్లె వేయించి యూరకొనక, బాలురు ఇంట పలికెడి మాటలనే ఉదాహరణములుగా చూపవలయును. ప్రతి పఠనమందిరమునను ఒక వ్యాకరణమును, ఒక నిఘంటువును అందరికి నందుబాటున నుంచవలయును. సభలో నెవరైన గ్రామ్యమనియో, తద్భవమనియో పలికినచో, "ఈ మాట నే యర్థమున వాడుచున్నారు?" అని మర్యాదగా నడుగుటకు మన పాఠకులు వెనుదీయరాదని కోరుచున్నాము.