నోటీసు రాగానే చెక్కు రాయకండి


రిటైరయ్యాక "జీతం ఎక్కువిచ్చాం, తిరిగి కట్టండి" అని నోటీసొస్తే మనవాళ్లు పరువుకు భయపడి కట్టేస్తారు. మోసంతో తీసుకున్న సొమ్మైతే కట్టాల్సిందే. కానీ లెక్క తప్పింది ఆఫీసైతే?

రిటైరైనవారి నుంచీ, గ్రూప్-సి, డి ఉద్యోగుల నుంచీ అలాంటి వసూలు కూడదని 2014లో రఫీక్ మసీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025లో మన కటక్ జిల్లా కోర్టుల్లో పనిచేసి రిటైరైన స్టెనోగ్రాఫర్లకూ ఆ ఊరటే దక్కింది. అయితే జీతం సవరించినప్పుడు "ఎక్కువైతే తిరిగిస్తా" అని సంతకం పెట్టినవారు కట్టాల్సిందేనని 2016లో ఇంకో తీర్పుంది.

అందుకే ముందు లెక్క అడగండి. మీరు రాసిచ్చిన హామీపత్రం నకలు అడగండి. గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వండి. ఒడియాలో రాయడం కష్టమైతే సంఘానికి రండి, కలిసి రాద్దాం.

లెక్క అడగడం అప్పు ఎగ్గొట్టడం కాదు.