బాలే ఎవరి సొమ్ము?

కాలేజీ వార్షికోత్సవాల కరపత్రాల్లో పదిమంది కలిసి ఆడే నృత్యరూపకం ఏదైనా సరే "బాలే" అని వేయడం మనవాళ్ళకు అలవాటు. వేసుకోనీ, తప్పేమీ లేదు. కాని బాలే అనగానే "రాజుల పోషణలో వికసించిన సుకుమార కళ" అంటారు చూశారూ, ఆ మాటతోనే నాకు పేచీ. రైతు ఇంట పుట్టినవాణ్ణి గనుక, పోషణ అనే మాట వింటే ముందు ఖర్చు ఎవడిదని అడగబుద్ధవుతుంది.

బాలే రష్యాలో పుట్టిందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది పదిహేనో శతాబ్దంలో ఇటలీ ప్రభువుల విందుల్లో, పెళ్ళిళ్ళలో మొలకెత్తింది. 1533లో ఫ్రెంచి రాకుమారుణ్ణి పెళ్ళాడి వెళ్ళిన కాథరిన్ ద మెదీచి తర్వాతి కాలంలో రాజమాతగా ఈ వేడుకలను అక్కడ బాగా పెంచింది. 1581 అక్టోబరు 15న పారిస్‌లో ఒక ప్రభువు పెళ్ళి సందర్భంగా "బాలే కొమిక్ ద లా రేన్" ఆడారు. సిర్సే అనే మంత్రగత్తె కథ అది. ఐదు గంటలకు పైగా సాగిందట! అప్పటికి ఇరవై ఏళ్ళుగా ఆ దేశంలో మతయుద్ధాలు. "తాయ్" అనే ముఖ్యమైన పన్ను ప్రభువులకు మాఫీ, కట్టేవాడు రైతు. ఇక పోషణ ఎవరిదో లెక్క కట్టడానికి బి.ఎస్.సి. చదవనక్కరలేదు.

అసలు కథ పద్నాలుగో లూయీది. అతని చిన్నతనంలో ప్రభువులు తిరగబడ్డారు. 1651 ఫిబ్రవరిలో ఒక రాత్రి, రాజు పారిపోతున్నాడన్న పుకారు విని జనం అంతఃపురంలోకి చొరబడితే, పన్నెండేళ్ళ లూయీ పక్కమీద నిద్ర నటిస్తూ పడుకున్నాడు. సరిగ్గా రెండేళ్ళకు, 1653 ఫిబ్రవరిలో, "బాలే ద లా న్యూయి" అనే రాత్రి కథలో చివర ఉదయించే సూర్యుడి వేషం కట్టి వచ్చాడు. బంగారు కిరణాల దుస్తులు! చుట్టూ ఆడినవాళ్ళలో దర్బారు ప్రభువులూ ఉన్నారు. నిన్న తిరగబడిన వర్గం నేడు సూర్యుడి చుట్టూ తాళం తప్పకుండా తిరగాలి. దీన్ని సుకుమార కళ అంటారా? నేనైతే కవాతు అంటాను.

1661లో పదముగ్గురు నాట్యాచార్యులతో అకాడమీ పెడుతూ, నాట్యం ఆయుధవిద్యకు కూడా శరీరాన్ని సిద్ధం చేస్తుందని రాజశాసనంలోనే రాసుకున్నారు. ఆ రాజుగారి గురువు బోషాంయే పాదాల అయిదు స్థానాలను స్థిరపరిచాడంటారు. తుంటి దగ్గర నుంచి కాళ్ళను బయటికి తిప్పి నిలబడే ఆ పద్ధతి నేటికీ బాలేకు ఓనమాలు. అందులో శాస్త్రం ఉంది, కాదనను. కాళ్ళు అలా తిరిగితే పక్కకు ఎత్తడం సులువవుతుంది.

లూయీ 1670 ప్రాంతంలో ఆడడం మానేశాక ఆట దర్బారు నుంచి రంగస్థలానికి, దొరల నుంచి జీతగాళ్ళకు చేరింది. అక్కడా స్త్రీ వేషాలు మగవాళ్ళవే, మన కూచిపూడి భాగవతుల మేళాల్లో లాగే. 1681లో "ప్రేమ విజయం" అనే బాలేతో పారిస్ ఒపేరా వేదిక మీదికి వృత్తి నర్తకీమణులు వచ్చారు. ఆ తర్వాత కమార్గో అనే ఆమె పాదాల పని కనబడాలని పావడా అంచు కాస్త పైకి కుట్టించుకుంటే గగ్గోలు! మేరీ సాల్లే 1734లో లండన్‌లో బరువైన దర్బారు దుస్తులు వదిలి పలుచని మస్లిన్ బట్టతో ఆడింది. నా దృష్టిలో బాలేను కళ చేసింది వీళ్ళు, రాజులు కాదు. 1760లో నొవేర్ తన "లేఖలు" అచ్చువేసి, ముఖానికి మాస్కులు తీసేయండి, అభినయంతో కథ చెప్పండి అని పోరాడాడు. ముఖం కనబడని అభినయమేమిటో మనకైతే అర్థమే కాదు.

ఆ నొవేర్ శిష్యుడు దోబెర్వాల్ 1789 జూలై 1న బోర్దో నగరంలో ఒక బాలే ఆడించాడు. దేవతలు లేరు, సూర్యుడు లేడు. లీజ్ అనే రైతు పిల్ల, ఆమె ప్రేమించిన కొలా అనే పల్లెటూరి కుర్రవాడు, డబ్బున్న సంబంధం కోసం పట్టుబట్టే తల్లి, నడుమ కోతల పని. రెండు శతాబ్దాలు ఖర్చు భరించినవాడు చివరికి కథానాయకుడై వేదికెక్కాడు. మరో రెండు వారాలకు, జూలై 14న, పారిస్‌లో బాస్తిల్ కోట పడిపోయింది. అడుగులూ సంగీతమూ ఎన్నోసార్లు మారినా "లా ఫీయ్ మాల్ గార్దే" అనే పేరుతో ఆ లీజ్ కథను ఇప్పటికీ ఆడుతున్నారు.