ఒకే పునాది, రెండు బళ్లు

మొన్న ఆదివారం మా బావమరిది రెండు కార్ల బొమ్మల పుస్తకాలు చంకన పెట్టుకుని దిగబడ్డాడు. పదేళ్లుగా కూడబెట్టిన సొమ్ముతో కారు కొంటాడట. ఒకటి స్కోడా వారి స్లావియా, అంటే వెనక పొడుగాటి డిక్కీ ఉన్న సెడాన్. రెండోది అదే కంపెనీవారి కుషాక్, ఎత్తుగా, నిటారుగా ఉండే క్రాసోవర్.

"సెడాన్ ఒట్టి సుకుమారం. క్రాసోవర్ జీపులాగా మొండిఘటం. ఏమంటారు బావగారూ?"

"ఏమంటాను? రెండూ ఒక తల్లి బిడ్డలే!" అన్నాను.

కారు అడుగుభాగాన్ని, అంటే నేలరేకు, చక్రాలనూ స్ప్రింగులనూ బిగించే ఏర్పాటు, స్టీరింగు, ఇంజను కూర్చునే తావు, వీటన్నిటినీ కలిపి ప్లాట్‌ఫారం అంటారు. రైల్వే ప్లాట్‌ఫారం కాదు సుమండీ! దాన్ని కొత్తగా తయారుచేసి పరీక్షించాలంటే కోట్లు కుమ్మరించాలి. అందుకని ఒక్కటి చేసి, దానిమీద నాలుగు రకాల బళ్లు కడతారు. ఒకే పిండితో మనవాళ్లు పొద్దున ఇడ్లీ, సాయంత్రం దిబ్బరొట్టె వేయడం లేదూ?

ఫోక్స్‌వాగన్ వారు 2012లో ఎం.క్యు.బి. అనే పద్ధతి తెచ్చారు. అందులో ముందు ఇరుసుకూ, కాలికింది పెడళ్లకూ మధ్య దూరం మారదు. మిగతా కొలతలు బండిని బట్టి సాగుతాయి. దాన్నే మన దేశానికి తగినట్టు మలిచి, పుణె దగ్గరి చకాన్‌లో తయారుచేస్తూ, 2021లో కుషాక్, టైగూన్ అనే క్రాసోవర్లనూ, 2022లో స్లావియా, వర్టుస్ అనే సెడాన్లనూ విడుదల చేశారు. నాలుగింటికీ ఇరుసుల మధ్య దూరం 2,651 మిల్లీమీటర్లే!

మరి తేడా ఎక్కడ? విడుదలైననాటి లెక్కల్లో స్లావియా డిక్కీ 521 లీటర్లు, కుషాక్‌ది 385. కుషాక్ కప్పు సుమారు పది సెంటీమీటర్లు ఎత్తు. కాని రోడ్డుకూ బండి అడుగుకూ మధ్య జాగా చూస్తే, ఒకదానికి 188 మిల్లీమీటర్లు, రెండోదానికి 179. మావాడి 'మొండిఘటం' ఎత్తంతా తొమ్మిది మిల్లీమీటర్లన్నమాట!

"అయితే భద్రతా ఒకటేనా?" అన్నాడు.

అలా అనుకోరాదు. పునాది ఒకటైనా పైన గోడలు వేరు. అందుకే గ్లోబల్ ఎన్‌క్యాప్ వారు క్రాసోవర్ల ఫలితాలు 2022లోనూ, సెడాన్ల ఫలితాలు 2023లోనూ విడివిడిగా ప్రకటించారు. రెండు జతలకూ అయిదేసి నక్షత్రాలు వచ్చాయి.

ఉమ్మడి సరుకుతో ఒక చిక్కూ ఉంది. పిండి పులిస్తే ఇడ్లీ, రొట్టె రెండూ పులుస్తాయి. ఒక భాగంలో లోపముంటే అది వాడిన బళ్లన్నిటికీ చుట్టుకుంటుంది. తకాటా వారి ఎయిర్‌బ్యాగుల్లో లోపం బయటపడితే ఒక్క అమెరికాలోనే పలు కంపెనీల బళ్లనుంచి సుమారు 6 కోట్ల 70 లక్షల ఎయిర్‌బ్యాగులను వెనక్కి పిలిపించవలసి వచ్చింది. కనుక, ముఖ్యంగా పాతబండి కొనేవారు, ఛాసిస్ నంబరు చెప్పి అలాంటి పిలుపేమైనా ఉందా అని డీలరును అడగడం మేలు.

ఇంతసేపూ వింటున్న మా అత్తగారు మోకాళ్లు నిమురుకుంటూ, "పునాది సంగతి నాకెందుకు నాయనా! దేంట్లోంచి నేను ఒకరి చెయ్యి పట్టుకోకుండా దిగగలనో అది చూడండి" అన్నారు.

వచ్చే ఆదివారం ఆవిడను వెంటబెట్టుకుని షోరూముకు వెడుతున్నాం.