మేట మీద నడక

మా మామగారిది కమ్మర్‌పల్లి. శివరాత్రి వెళ్ళాక ఆ ఊరికి పోతే ఉడికిన పసుపు వాసనే ముందుగా ఎదురొచ్చి పలకరిస్తుంది. రెండు రోజులు ఆ వాసనలో కూర్చున్నాక "కాస్త ఎటైనా నడిచి వద్దామండీ" అన్నాను. ఆయన చేతికర్రా, సద్దిమూటా అందుకుని "పోచంపాడు నీళ్ళ ఒడ్డుకు పోదాం" అన్నారు. బస్సెక్కాం.

శ్రీరామసాగరం అనగానే మీకు ఆనకట్టా, దాని 42 గేట్లూ గుర్తుకొస్తాయి. జనమంతా ఉండేది అక్కడే. మేము దానికి దూరంగా, నీళ్ళు వెనక్కి పరచుకున్న వైపు నడిచాం. యాసంగి పైర్లకు నీళ్ళు వదిలాక ఒడ్డు వెనక్కి జరుగుతుంది. తేలిన నేల మీద ఇసుక మేటలు, నెర్రెలిచ్చిన ఒండ్రు. కొంగలు తప్ప పురుగు లేదు. నా పట్నపు చెప్పులు చేతికెక్కాయి లెండి!

1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేసేనాటికి మామగారికి పదేళ్ళు. జలాశయం మొదటి లెక్క 112 టి.ఎం.సి.లు, గోదావరి తెచ్చిన ఒండ్రు పేరుకుని తరువాతి సర్వేలో అది సుమారు 90కి దిగింది.

"తక్కువైనయన్నీ మన కాళ్ళ కిందనే ఉన్నై" అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. కర్రతో నీళ్ళ అంచు చూపించారు.

"గా రాళ్ళ వరుస మా మేనత్త ఇల్లు, అల్లుడా. ఊరు మునుగుతదంటే అన్నీ ఇడిసి, తలుపు ఒక్కటి ఊడబీక్కొని బండిల ఏసుకొచ్చింది. మన ఇంటెనక తలుపు గదే."

కిర్రుమంటున్నది, మార్పించండని పదిహేనేళ్ళుగా ఆయన్ని వేధిస్తున్నవాణ్ణి నేనే. మాట్లాడకుండా సద్దిమూట విప్పాను.