ఆ ఆటకు ముగింపు ఉందా?

తలనొప్పి, నిద్ర పట్టడం లేదంటూ ఓపీకి వచ్చే హైస్కూలు, ఇంటర్ పిల్లల వెంట తల్లిదండ్రులు తెచ్చే ఫిర్యాదు ఇప్పుడు దాదాపు ఒకటే. ‘ఎప్పుడు చూసినా గేమేనండీ. ఫోన్ లాక్కుంటే అన్నం మానేస్తున్నాడు. మీరైనా గట్టిగా చెప్పండి.’ కొన్నేళ్లు నేనూ గట్టిగానే చెప్పాను, గేమ్స్ అన్నీ తీసేయమని. ఆ సలహా ఏ ఇంట్లోనూ వారం నిలిచినట్టు లేదు. మా ఇంట్లో అసలే నిలవలేదు.

ఇప్పుడు ముందు ఒకటే అడుగుతున్నాను: ఆ ఆటకు ముగింపు ఉందా? పిల్లల్ని రాత్రి రెండింటిదాకా కూర్చోబెట్టేవి ఎక్కువగా ముగింపు లేని ఆటలే. ఒక మ్యాచ్ అయితే ఇంకోటి, ఇవాళ ఆడకపోతే బహుమతి పోతుందన్న బెదిరింపు. కథ చెప్పే ఆటలు సినిమాలా మొదలై, అయిపోతాయి. కాకపోతే పాత్ర చేయాల్సిన పని మన చేత్తో జరగాలి.

కిందటి వేసవిలో మా అమ్మాయి బలవంతం మీద కంప్యూటర్లో ‘వెన్బా’ ఆడాను. 2023లో వచ్చిన ఆట. 1980ల్లో కెనడా వెళ్లి స్థిరపడిన తమిళ కుటుంబం కథ. అమ్మమ్మ వంటల పుస్తకం చిరిగి, అక్షరాలు చెరిగి ఉంటాయి. ఇడ్లీ రేకులు ఎలా పేరిస్తే ఆవిరి సరిగా అందుతుందో మనమే ఆలోచించాలి. ఎండీ చదివిన నేను తప్పు పేర్చాను, అమ్మాయి పడీపడీ నవ్వింది. తర్వాత ఆ ఇంటి కొడుకు పెద్దవుతున్నకొద్దీ అమ్మ భాషకు, అమ్మ వంటకు దూరం జరుగుతాడు. అక్కడ ఇద్దరం మాట్లాడలేదు. డల్లాస్‌లో పుట్టిన మా అక్క కొడుకుతో ఫోన్లో మా అమ్మ ‘తిన్నావా నాన్నా’ దగ్గరే ఆగిపోవడం మేం చూస్తున్నదే. గంటన్నరకు ఆట అయిపోయింది, వెళ్లి పడుకున్నాం. పదో తరగతి పిల్లతో మార్కుల మాట ఎత్తకుండా అంతసేపు కూర్చోవడం నాకదే మొదటిసారి.

ఎప్పుడూ ఆడని పెద్దవాళ్లకైతే ఫోన్లో ‘ఫ్లోరెన్స్’ (2018) సులువు. ముప్పావు గంటలో అయిపోయే ప్రేమకథ, గెలుపోటములు లేవు. ఇద్దరి మాటలను ముక్కలుగా పేర్చాలి. వాళ్లకు చనువు పెరిగేకొద్దీ ముక్కలు తగ్గుతాయి. ‘టు ది మూన్’ (2011)లో మరణశయ్య మీదున్న పెద్దాయన చివరి కోరిక తీర్చడానికి ఇద్దరు డాక్టర్లు ఆయన జ్ఞాపకాల్లోకి వెళ్తారు. వైద్యంగా అది కుదురుతుందా అని నన్నడగకండి, కథ మాత్రం బాగుంటుంది.

పాత్ర కళ్లతోనే చూస్తూ నడిచే త్రీడీ ఆటల్లో కొందరికి తల తిరిగి వాంతి వచ్చినట్టుంటుంది. అలవాటవుతుందని ఓర్చుకోవద్దు, ఆపేయండి. కథ ఉన్న ప్రతిదీ పిల్లలకు తగదు కూడా. ‘లైఫ్ ఈజ్ స్ట్రేంజ్’లో ఆత్మహత్య ప్రస్తావన ఉంది. వయసు గుర్తు చూడండి, ముందు మీరు ఆడండి.

ఇవి వ్యసనానికి మందు మాత్రం కావు. ఆటపై అదుపు పోవడం, తిండీ చదువూ వెనక్కిపోవడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం, ఇవి సాధారణంగా ఏడాది పాటు కొనసాగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుగానే లెక్కిస్తోంది. 2022 నుంచి అమల్లో ఉన్న వర్గీకరణలో అది ఉంది. ఆ ఛాయలు కనిపిస్తే ఏడాది నిండేదాకా ఆగకుండా మానసిక వైద్యులకు చూపించండి. వెంటనే వెళ్లలేకపోతే టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు.