ముక్కే కదా అనుకుంటే ముప్పే!

పడిశానికి యాంటీబయాటిక్‌లు.. దిబ్బడకు చుక్కల మందులు
చీటీ లేకుండానే కొనుగోళ్లు.. ముదిరాకే వైద్యుడి వద్దకు

గుంటూరు: సంక్రాంతి వెళ్లింది మొదలు గుంటూరు మిర్చి యార్డులో తుమ్ములు వినిపించని చోటు ఉండదు. టిక్కీలు మోసే ముఠా కూలీలు, తొడిమలు తీసే మహిళలు, గుమస్తాలు.. ఎవరిని చూసినా ముక్కుకు కండువానో, చీర చెంగో అడ్డం పెట్టుకుని కనిపిస్తారు. సాయంత్రానికి ముక్కు బిగుసుకుపోతే దారిలో మందుల దుకాణం వద్ద ఆగడం, ఒక చుక్కల మందు సీసా, నాలుగు మాత్రలు కొనుక్కుని ఇంటికి చేరడం పరిపాటి. ఈ అలవాటు యార్డుకే పరిమితం కాలేదు. పొలం పనులకు వెళ్లే రైతు మొదలు పరీక్షలకు చదివే విద్యార్థి వరకు ముక్కు జబ్బుకు తొలి వైద్యశాల మందుల దుకాణమే అవుతోంది. అక్కడే అసలు సమస్య మొదలవుతోంది.

పేరు ఒకటే.. జబ్బులు వేరు

ముక్కు కారినా, మూసుకుపోయినా, నుదురు బరువెక్కినా జనం నోట వచ్చే మాట ఒక్కటే.. 'సైనస్'. నిజానికి సైనస్ అనేది జబ్బు పేరు కాదు. నుదుటిలో, బుగ్గల వెనుక, కళ్ల మధ్య, ముక్కు లోతున ఎముకల్లో ఉండే గాలి గదులే సైనస్‌లు. ఇవి నాలుగు జతలు. వీటిలో ఊరే పలుచని జిగురు సన్నని ద్వారాల గుండా ముక్కులోకి దిగుతుంది. వాపు వల్ల ఆ ద్వారాలు మూసుకుపోతే లోపలి జిగురు నిలిచిపోతుంది. అదే సైనసైటిస్. పల్లెల్లో పెద్దలు పీనసం అనే మాట వాడేది ఎక్కువగా దీని దీర్ఘకాలిక రూపానికే.

మిర్చి ఘాటుకు వచ్చే తుమ్ములు చాలామందిలో అలర్జీ కావు. కారంలోని క్యాప్సైసిన్ అనే పదార్థం ముక్కులోని నరాల కొసలను రెచ్చగొట్టడం వల్ల నీరు కారుతుంది. ఆ గాలికి దూరమైతే తగ్గుతుంది. ఇంటి దుమ్ములోని సూక్ష్మజీవులు, వయ్యారిభామ, సర్కారు తుమ్మ పుప్పొడి వంటివి పడక వచ్చేది అలర్జీ. వరుస తుమ్ములు, కళ్ల దురద దీని గుర్తులు. వైరస్‌తో వచ్చే పడిశం మూడోది. ఇది వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుముఖం పడుతుంది. ఈ మూడింటికీ చికిత్స వేర్వేరు. మూడింటికీ ఒకటే మాత్ర ఇస్తుండటం గమనార్హం.

చుక్కల మందు ఉచ్చు

ముక్కు దిబ్బడకు విరివిగా అమ్ముడయ్యేవి జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ చుక్కలు. ఇవి ముక్కులోని రక్తనాళాలను కుంచింపజేస్తాయి. నిమిషాల్లో ఊపిరి ఆడుతుంది. అందుకే వీటిపై మోజు ఎక్కువ. అయితే వీటిని మూడు నుంచి ఐదు రోజులకు మించి వాడరాదు. అంతకు మించితే మందు ప్రభావం తగ్గగానే పొరలు మునుపటికంటే ఎక్కువగా ఉబ్బుతాయి. దాంతో మళ్లీ చుక్కలు, మళ్లీ దిబ్బడ. సీసా తలగడ కింద లేనిదే నిద్ర పట్టని స్థితికి చేరేవారు కొల్లలు. వీరిలో చాలామందికి అప్పటికి మొదటి జబ్బు తగ్గిపోయి ఉంటుంది. మిగిలింది మందు తెచ్చిన జబ్బే. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారికి ఈ చుక్కలు మరింత ప్రమాదకరం.

అలర్జీకి, దీర్ఘకాలిక సైనసైటిస్‌కు మేలైన మందు మరొకటి ఉంది. అదే ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ వంటి స్టెరాయిడ్ స్ప్రే. స్టెరాయిడ్ అనే మాట వినగానే చాలామంది భయపడి మానేస్తున్నారు. స్ప్రే రూపంలో రక్తంలోకి చేరే మోతాదు అత్యల్పం. దీని ఫలితం పూర్తిగా కనిపించడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. రెండు రోజులకే పనిచేయలేదని పక్కన పడేయడం పొరపాటు. తల కాస్త ముందుకు వంచి, కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో, మధ్య దూలానికి తగలకుండా బయటివైపు కొట్టుకోవాలి. ఈ చిన్న మెలకువ చెప్పేవారే కరవయ్యారు.

యాంటీబయాటిక్‌లు ఎవరికి?

పడిశంతో మొదలయ్యే సైనస్ వాపుల్లో అత్యధికం వైరస్‌ల వల్లే వస్తాయి. వాటిపై యాంటీబయాటిక్‌లు పనిచేయవు. చీమిడి పసుపు, ఆకుపచ్చ రంగులోకి మారినంత మాత్రాన అది బ్యాక్టీరియా అనుకోరాదు. పది రోజులు దాటినా ఏమాత్రం తగ్గకపోవడం, తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టడం, తీవ్ర జ్వరంతో పాటు చీము, ముఖం నొప్పి మూడు నాలుగు రోజులు వరసగా ఉండటం.. ఈ మూడింటిలో ఏదో ఒకటి ఉన్నప్పుడే వైద్యులు యాంటీబయాటిక్ గురించి ఆలోచిస్తారు.

చట్టం కూడా ఈ మాటే చెబుతోంది. యాంటీబయాటిక్‌లను వైద్యుడి చీటీ లేనిదే అమ్మరాదు. సెఫిక్సిమ్, లెవోఫ్లాక్సాసిన్ వంటి వాటిని 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 కిందకు తెచ్చారు. వీటిని ఎవరు రాశారో, ఎవరికి అమ్మారో దుకాణదారు ప్రత్యేక రిజిస్టర్‌లో నమోదు చేసి మూడేళ్లు భద్రపరచాలి. నిబంధన కాగితంపై పటిష్ఠంగానే ఉన్నా దుకాణం మెట్ల మీద నీరుగారుతోంది. కూలి మానుకుని ఓపీ వరుసలో నిలబడలేనివారు రెండు రోజుల మాత్రలు కొని, కాస్త నెమ్మదించగానే ఆపేస్తున్నారు. మందుకు లొంగని సూక్ష్మజీవులు తయారవడానికి ఇదే రాచబాట.

చిన్నారుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందులను నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడరాదని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో స్పష్టం చేసింది. పసిపిల్లలకు ఆవిరి పట్టించబోయి ఒళ్లు కాల్చే ప్రమాదాన్నీ తల్లిదండ్రులు గుర్తెరగాలి.

తలనొప్పులన్నీ సైనస్ కావు

సైనస్ తలనొప్పి అనుకునేది పలువురిలో మైగ్రేన్‌గా తేలుతోంది. 2004లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, తమది సైనస్ తలనొప్పి అని చెప్పిన సుమారు 3 వేల మందిని పరీక్షించగా 88 శాతం మందిలో మైగ్రేన్ లక్షణాలే కనిపించాయి. మైగ్రేన్‌లోనూ ముక్కు కారవచ్చు, కళ్ల వెంట నీరు రావచ్చు. ఒక పక్క ముక్కు నుంచే దుర్వాసనతో చీము వస్తుంటే పెద్దల్లో పైదవడ పన్ను పుచ్చిందేమో చూడాలి. పిల్లల్లో అయితే పలక పుల్లో, పూసో, గింజో ఇరుక్కుని ఉండవచ్చు. అది బటన్ బ్యాటరీ అయితే గంటల్లోనే లోపలి కణజాలాన్ని తినేస్తుంది.

శస్త్రచికిత్సతోనే సరిపోదు

ముక్కు దూలం కాస్త వంకరగా ఉండటం ఎందరిలోనో సహజం. ఊపిరికి అడ్డుపడితేనే దాన్ని సరిచేయాల్సి ఉంటుంది. లక్షణాలు 12 వారాలు దాటితే దీర్ఘకాలిక సైనసైటిస్‌గా పరిగణిస్తారు. ఎండోస్కోపీతో, అవసరమైతే సీటీ స్కాన్‌తో నిర్ధారిస్తారు. స్ప్రే, ఉప్పునీటి శుద్ధి వంటివి తగినంత కాలం వాడినా ఫలితం లేనప్పుడు, పాలిప్స్ అనే కండ పెరిగి దారి మూసినప్పుడు ఎండోస్కోపీ ద్వారా శస్త్రచికిత్స చేస్తారు. మూసుకున్న ద్వారాలను తెరవడమే దీని ఉద్దేశం. ఆపరేషన్ అయ్యాక కూడా స్ప్రే కొనసాగించాలి. లేకుంటే పాలిప్స్ మళ్లీ పెరుగుతాయి. 'కోయించుకున్నా తగ్గలేదు' అనే నిరాశకు చాలాసార్లు ఈ నిర్లక్ష్యమే మూలం.

2021 నేర్పిన పాఠం

ముక్కును తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో కొవిడ్ రెండో దశ చూపించింది. 2021 జూన్ చివరి నాటికి దేశంలో 40 వేలకు పైగా బ్లాక్ ఫంగస్ కేసులు నమోదయ్యాయి. 3 వేల మందికి పైగా మృతి చెందారు. హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిని ఈ రోగుల కోసం ప్రత్యేకించారు. ఆంధ్రప్రదేశ్‌లో చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చారు. అదుపు తప్పిన మధుమేహం, విచక్షణ లేని స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్ల వాడకం దీనికి ప్రధాన కారణాలుగా నిలిచాయి. బుగ్గ తిమ్మిరి, నల్లని చీమిడి, కంటి వాపు కనిపించిన తొలి రోజుల్లోనే వచ్చినవారికి బతికే అవకాశం మెరుగ్గా ఉండగా, ఆలస్యం చేసిన పలువురు కన్ను, పైదవడ కోల్పోయారు. కొవిడ్ తగ్గింది గానీ మధుమేహ రోగులకు ఈ ముప్పు తొలగిపోలేదు.

ఖర్చు తక్కువ.. మేలు ఎక్కువ

ముక్కును ఉప్పునీటితో కడగడం చవకైన ఉపాయం. పావు లీటరు నీటిలో అర టీస్పూను ఉప్పు, చిటికెడు తినేసోడా చాలు. అయితే నీరు తప్పనిసరిగా మరిగించి చల్లార్చినదై ఉండాలి. కేరళలో 2024, 2025 సంవత్సరాల్లో ప్రాణాలు తీసిన అమీబిక్ మెదడు వ్యాధి క్రిమి నీటి ద్వారా, ముక్కు గుండానే లోపలికి ప్రవేశిస్తుంది. కుళాయి నీటిని నేరుగా వాడటం శ్రేయస్కరం కాదు.

యార్డులో, శీతల గిడ్డంగుల్లో పనిచేసేవారికి మంచి మాస్కులు అందజేయడం, గాలి ఆడే ఏర్పాట్లు చేయడం యజమానుల బాధ్యత. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఈఎన్‌టీ నిపుణులు ఉండరు. కనీసం అక్కడి వైద్యులు, ఆశా కార్యకర్తల ద్వారా చుక్కల మందు పరిమితిపై అవగాహన కల్పించవచ్చు. సీజన్‌లో యార్డు వద్దే వైద్య శిబిరం నిర్వహిస్తే కూలి పోగొట్టుకునే పని ఉండదు. దుకాణాల్లో హెచ్1 రిజిస్టర్ల తనిఖీ మొక్కుబడిగా మిగలరాదు. పది రూపాయల మాత్రతో పోయేదనుకున్న దిబ్బడ వేల రూపాయల ఆపరేషన్ దాకా వెళ్తే నలిగేది రెక్కాడితే గానీ డొక్కాడని కుటుంబాలే.

ఈ లక్షణాలుంటే ఆలస్యం తగదు

* కంటి చుట్టూ వాపు, చూపు మసకబారడం, ఒకటి రెండుగా కనిపించడం
* తీవ్ర తలనొప్పితో పాటు మెడ బిగుసుకుపోవడం, మగత
* మధుమేహ రోగుల్లో ముఖం తిమ్మిరి, నల్లని స్రావం
* ఒకవైపు ముక్కు నుంచే పదేపదే రక్తం, దిబ్బడ
* ముక్కు మెత్తని భాగాన్ని పది, పదిహేను నిమిషాలు గట్టిగా నొక్కిపట్టినా ఆగని రక్తం. ఆ సమయంలో తల ముందుకు వంచాలే గానీ వెనక్కి వాల్చరాదు.