ఉంచుకున్నవారూ, వదిలేసినవారూ

ఐపీఎల్ జట్లు ఎవరిని ఉంచుకుంటున్నాయో, ఎవరిని వదిలేస్తున్నాయో చెప్పే జాబితా ఏటా చలికాలం మొదట్లో వస్తుంది. ఐపీఎల్‌లో బ్యాటుకి బంతి తగలని రోజులవి. అయినా మాటలకి మాత్రం కరువుండదు. ఆ సాయంత్రం కృత్తివెన్ను సెంటర్లో టీకొట్టు దగ్గర కూర్చుంటే రొయ్య రేటు, మేత బస్తా ధర కాసేపు వెనక్కి జరుగుతాయి. "ఆరు కోట్లు పోసి ఎందుకు అట్టేపెట్టుకున్నట్టు బాబాయ్? ఆ డబ్బుకి ఇద్దరు బౌలర్లు వచ్చేవాళ్ళు" అంటాడు ఓ కుర్రాడు. "మన పిల్లోడ్రా, కాస్త టైమివ్వండి" అంటాడు బాబాయ్. ఇద్దరూ సన్‌రైజర్స్ హైదరాబాద్ అభిమానులే. రాత్రిపూట చెరువుల దగ్గర, కరెంటు పోతే ఏరియేటర్లు ఆగకుండా జనరేటర్ వేయడానికి కాపలా పడుకునేవాళ్ళు ఫోన్లో చూసేది ఆ మ్యాచ్‌లే. అందుకని వాళ్ళ మాటని ఊసుపోక కబురని తీసిపారేయలేం. ఒక ఆటగాడికి ఎంత ఇవ్వాలి, ఎన్నాళ్ళు ఇవ్వాలి అన్నది ఎక్కడో కార్పొరేట్ గదుల్లో తేలే లెక్కే కావచ్చు. ఆ ఆటగాణ్ణి రోజూ మోసేది మాత్రం వీళ్ళు.

ఆరు కోట్ల కుర్రాడెవరో చెప్పనక్కర్లేదు. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని సన్‌రైజర్స్ మొదట 20 లక్షలకి తీసుకుంది. 2024 సీజన్లో 303 పరుగులు చేసి, ఎదుగుతున్న ఆటగాడి అవార్డు అందుకున్నాడు. ఆ దీపావళి నాటికి అతని ధర 6 కోట్లయింది. డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో 114 పరుగులు కొట్టినప్పుడు, కొడుకు ఆట కోసం హిందూస్థాన్ జింక్ ఉద్యోగం వదులుకున్న తండ్రి ముత్యాలరెడ్డి స్టాండ్స్‌లో కన్నీళ్ళు పెట్టుకోవడం దేశమంతా చూసింది. మనవైపు ఆ రోజు టపాసులు కాల్చినవాళ్ళున్నారు. తర్వాతి ఐపీఎల్‌లో అతను చేసినవి 182 పరుగులు. ఆగస్టులో ఆంధ్రా ప్రీమియర్ లీగ్‌లో మన పక్కనున్న భీమవరం జట్టుకి కెప్టెన్‌గా వచ్చేసరికి, చప్పట్లతో పాటు "మనోడికి అంత అవసరమా?" అన్న సణుగుడూ వినిపించింది. మనిషి అదే, ఆటా దాదాపు అదే. ధర మారింది. 20 లక్షలవాడు 30 కొడితే శెభాష్ అంటాం. 6 కోట్లవాడు అదే 30 కొడితే మిగతా పరుగులు ఏవని అడుగుతాం. ఆ తేడా అతని బ్యాటులో లేదు, మన లెక్కలో ఉంది.

ఈ లెక్క ఎంత తొందరపాటుదో తెలియాలంటే ఒకసారి అమెరికా బేస్‌బాల్ వైపు చూడాలి. గుడివాడ నుంచీ బందరు నుంచీ వెళ్ళి డల్లాస్ చుట్టుపక్కల స్థిరపడ్డవాళ్ళ పిల్లలు ఇప్పుడు టెక్సస్ రేంజర్స్ టోపీలు పెట్టుకుని తిరుగుతున్నారు. అక్కడ ఒక జట్టు ఒక సీజన్లో 162 మ్యాచ్‌లు ఆడుతుంది. నికరంగా ఆడే బ్యాటరు ఏడాదిలో ఆరు వందలసార్లు క్రీజులోకి వస్తాడు. రెండు వారాలు బంతి తగలకపోయినా కంగారుండదు, మిగతా నెలల్లో సర్దుకుంటుంది. ఐపీఎల్ లీగ్ దశలో ఒక జట్టుకి దొరికేవి 14 మ్యాచ్‌లు. అందులో ఒకటి వానకి పోతుంది, రెండిట్లో బ్యాటింగే రాదు. మిగిలిన పది పన్నెండు ఇన్నింగ్స్ చూసి "వీడి పనైపోయింది" అని తీర్పు రాసేస్తాం. 2025లో అభిషేక్ శర్మ తొలి ఐదు మ్యాచ్‌ల్లో కలిపి యాభై చిల్లర పరుగులు చేశాడు. 14 కోట్లు దండగన్నారు. ఏప్రిల్ 12న హైదరాబాద్ ఉప్పల్ మైదానంలో పంజాబ్ మీద 55 బంతుల్లో 141 కొట్టాడు. దండగన్న నోళ్ళే ఆ రాత్రి ఈలలేశాయి.

కృత్తివెన్నులో ఈ సంగతి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. వైట్‌స్పాట్ తెగులు వచ్చి ఒక పంట పోయిందని, ఆనుపానులు తెలిసిన చెరువు యజమాని లీజుదారుణ్ణి గట్టు దిగిపొమ్మనడు. సీడు ఎక్కడ తెచ్చాడు, నీళ్ళు ఎలా మార్చాడు, మేత చెక్ ట్రేలు చూసి వేశాడా, కళ్ళు మూసుకుని వేశాడా అని చూస్తాడు. పద్ధతిలో లోపం లేకపోతే ఇంకో పంట చూద్దామంటాడు. పద్ధతి లేనివాడికి ఒకసారి మంచి కౌంట్ పడినా లీజు పొడిగించడానికి వెనకాడతాడు. ఆటగాడి విషయంలోనూ చూడాల్సింది అదే: అవుటైన తీరు ఏమిటి, ఎన్నో నంబరులో దింపారు, గాయం నుంచి తేరుకున్నాడా? చెరువు దగ్గర ఇంత ఓపికున్న మనిషి ఫోన్ చేతిలోకి రాగానే దాన్ని ఎక్కడ పారేసుకుంటాడో మాత్రం అర్థం కాదు.

అలాగని బేస్‌బాల్ వాళ్ళ ఓపికంతా మెచ్చుకోదగ్గదీ కాదు. అక్కడ ఒప్పందాలు పదేళ్ళకీ పదిహేనేళ్ళకీ రాస్తారు. 2023 డిసెంబరులో షోహేయ్ ఓటాని లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌తో పదేళ్ళకి 70 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నాడు. అందులో 68 కోట్లు ఆ పదేళ్ళూ అయిపోయాక పుచ్చుకుంటానన్నాడు. మరుసటి ఏడాది హువాన్ సోటో న్యూయార్క్ మెట్స్‌తో పదిహేనేళ్ళకి 76.5 కోట్ల డాలర్లకి సంతకం పెట్టాడు. అదే మెట్స్, ఎప్పుడో ఆట మానేసిన బాబీ బొనియా అనే పెద్దమనిషికి ఏటా జులై 1న దాదాపు 12 లక్షల డాలర్లు ఇప్పటికీ కడుతోంది. 2035 దాకా కట్టాలి. మన ఇళ్ళల్లో పాత అప్పు కిస్తీని తిట్టుకున్నట్టు అక్కడి అభిమానులు ఆ తేదీని తిట్టుకుంటారట. నిన్నటి ఆట చూసి రేపటికి డబ్బు కట్టడం ఎక్కడైనా జూదమే.

"మా రోజుల్లో ఆటగాళ్ళు ఒకే జట్టుని పట్టుకుని ఉండేవాళ్ళు" అని పెద్దలు అంటుంటారు. నిజమే. ఎందుకు ఉండేవాళ్ళన్నది కూడా చెప్పుకోవాలి. 1970ల నడుమ దాకా బేస్‌బాల్ ఆటగాడు సంతకం పెట్టిన జట్టుకి దాదాపు కట్టుబానిస. ఒప్పందం గడువు తీరినా జట్టు వదిలితేనే బయటపడాలి, అమ్మితే కొన్నవాడి దగ్గరికి పోవాలి. కర్ట్ ఫ్లడ్ అనే నల్లజాతి ఆటగాణ్ణి 1969లో సెయింట్ లూయిస్ జట్టు ఫిలడెల్ఫియాకి ఇచ్చేస్తే, నేను సరుకుని కానని ఎదురు తిరిగాడు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1972లో ఓడిపోయాడు. మూడేళ్ళ తర్వాత వేరే ఆటగాళ్ళ కేసులో వచ్చిన మధ్యవర్తి తీర్పుతో ఆ సంకెళ్ళు తెగాయి. అప్పటికి ఫ్లడ్ ఆట ముగిసిపోయింది. అభిమాని ముచ్చటపడిన ఆ విధేయతలో సగం, ఆటగాడికి వేరే దారి లేకపోవడమే.

మనకీ అలాంటి కథ ఒకటుంది. పూర్వికులది మా బందరేనని ఈ ప్రాంతంలో గర్వంగా చెప్పుకునే సి.కె. నాయుడు నాగపూర్‌లో పుట్టాడు. 1923లో హోల్కర్ మహారాజు ఇందూరుకి రప్పించి తన సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చాడు. నాయుడు ఆటకి జీతమూ పొడిగింపూ అన్నీ ఆ కొలువే. ఆ నీడలోనే 1926లో ఎంసీసీ బౌలర్ల మీద బొంబాయిలో పదకొండు సిక్సర్లు కొట్టాడు, 1932లో భారత తొలి టెస్టుకి నాయకుడయ్యాడు. అరవై దాటాక కూడా రంజీ ఆడాడు. దయగల ప్రభువు దొరికాడు కాబట్టి సరిపోయింది. దొరకనివాళ్ళ పేర్లు చరిత్రలో లేవు. వేలంపాటని ఎంత ఈసడించుకున్నా, ఆటో నడిపే తండ్రి కొడుక్కి తన విలువ పది మంది ఎదుట చెప్పించుకునే అవకాశం ఇచ్చింది అదే.

ఆ కొడుకు మహమ్మద్ సిరాజ్. 2017లో హైదరాబాద్ జట్టు 2.6 కోట్లకి తీసుకుని ఏడాదికే వదులుకుంది. బెంగళూరు ఏడేళ్ళు అట్టేపెట్టుకుంది. 2024లో వాళ్ళూ వదిలేస్తే గుజరాత్ 12.25 కోట్లకి పాడుకుంది. 2025 ఏప్రిల్ 2న చిన్నస్వామి మైదానంలో తన పాత జట్టు మీదే 19 పరుగులిచ్చి 3 వికెట్లు తీశాడు. నాలుగు రోజుల తర్వాత సొంత ఊరు హైదరాబాద్‌లో, ఉప్పల్ మైదానంలో 17 పరుగులకి 4. చూశారా, వజ్రాన్ని పారేసుకున్నారని మనం చంకలు గుద్దుకున్నాం. కానీ ఆ ఏడాదే, సిరాజ్ లేని బెంగళూరు పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి కప్పు కొట్టింది, ఆరు పరుగుల తేడాతో. రెండు నెలలకి ఓవల్ టెస్టులో సిరాజ్ భారత్‌ని గెలిపించిందీ ఆరు పరుగుల తేడాతోనే. వదిలినవాళ్ళు బాగుపడ్డారు, వెళ్ళినవాడూ బాగుపడ్డాడు. ఇలా జరిగినప్పుడు ఎవరి మీద అలగాలో అభిమానికి తోచదు. గుంటూరు అంబటి రాయుడు ముంబయికి మూడు, చెన్నైకి మూడు కప్పుల్లో పాలుపంచుకున్నాడు, తెలుగు జట్టు చొక్కా ఒక్క సీజనూ తొడుక్కోలేదు. తిలక్ వర్మ ముంబయి ఆటగాడు. "మనోడు" అన్న మాటకి వేలంలో ధర పలకదు.

లెక్కకి అందని ఆట కూడా ఒకటుంది. 2021 జనవరి 11న సిడ్నీలో తొడ కండరం పట్టేసినా కాకినాడ కుర్రాడు హనుమ విహారి 161 బంతులు ఎదుర్కొని 23 పరుగులతో నాటౌట్‌గా నిలిచి, అశ్విన్‌తో కలిసి టెస్టుని కాపాడాడు. స్ట్రైక్ రేట్ చూసి కాంట్రాక్టులు రాసేవాళ్ళకి ఆ ఇన్నింగ్స్ 14 దగ్గర ఆగిపోతుంది. రెండేళ్ళకి, నాయుడు కొలువు చేసిన ఆ ఇందూరులోనే రంజీ క్వార్టర్ ఫైనల్లో ఎడమ మణికట్టు విరిగితే, పదకొండో నంబరులో వచ్చి ఎడంచేతివాటంగా నిలబడి బ్యాటింగ్ చేశాడు. ఆ తర్వాతి నెలలో వచ్చిన బోర్డు వార్షిక ఒప్పందాల జాబితాలో అతని పేరు లేదు. తప్పని గట్టిగా అనలేం. టెస్టు జట్టులో చోటు లేనివాడికి ఒప్పందం ఎలా ఇస్తారన్నది న్యాయమైన ప్రశ్నే. కృతజ్ఞత కొద్దీ ఇచ్చే పొడిగింపు ఇంకొక కుర్రాడి చోటు తినేస్తుంది కూడా. జట్టు లెక్క కరాఖండీగానే ఉండనివ్వండి.

పేచీ అంతా పంపించే తీరు దగ్గరే. 2008లో వీవీఎస్ లక్ష్మణ్ డెక్కన్ ఛార్జర్స్‌కి ఐకాన్ హోదా వద్దన్నాడు. ఐకాన్ ఆటగాడికి జట్టులో అందరికన్నా 15 శాతం ఎక్కువ ఇవ్వాలన్న నిబంధన ఉండేది. తను తగ్గితే ఆ డబ్బుతో మంచి ఆటగాళ్ళు వస్తారనుకున్నాడు. 2011 వేలానికి వచ్చేసరికి ఆ జట్టు ఆయన్ని ఉంచుకోలేదు, కొచ్చి తీసుకుంది. డేవిడ్ వార్నర్ కథ ఇంకా కొత్తది. 2016లో 848 పరుగులు చేసి హైదరాబాద్‌కి కప్పు తెచ్చినవాడు. 2021 సీజను నడుమ కెప్టెన్సీ తీసేశారు, తర్వాత జట్టులోంచీ తప్పించారు. స్టాండ్స్‌లో కూర్చుని జట్టు జెండా ఊపుతూ కనిపించాడు. అతను ఫామ్‌లో లేడన్నది అబద్ధం కాదు. కానీ ఐదేళ్ళ కిందట కప్పు తెచ్చినవాడికి చెప్పే పద్ధతి అదా? ఆ నవంబరులో టీ20 ప్రపంచకప్‌లో 289 పరుగులు చేసి టోర్నీ ఉత్తమ ఆటగాడయ్యాడు. మరుసటి మే నెలలో ఢిల్లీ తరఫున మన జట్టు మీదే 92 నాటౌట్. ఆ రాత్రి సన్‌రైజర్స్ ఓడిపోతుంటే మనవైపు సంతోషించినవాళ్ళు తక్కువేం లేరు. అభిమాని జట్టుతో అలిగితే ఎలా ఉంటుందో యాజమాన్యానికి అప్పుడైనా తెలిసుండాలి. వార్నర్‌ని జట్టు పంపించింది గానీ, బుట్టబొమ్మ పాటకి ఇంట్లో పిల్లలతో స్టెప్పులేసిన మనిషిని తెలుగువాళ్ళు వదల్లేదు. 2025లో నితిన్ సినిమాలో తెర మీదికి వచ్చినప్పుడు థియేటర్లలో పడిన ఈలలే సాక్ష్యం.

కాబట్టి కృత్తివెన్ను టీకొట్టు తరఫున సన్‌రైజర్స్ వారికి విన్నపం చిన్నదే. ఎవరిని ఉంచుకుంటారో మీ ఇష్టం, డబ్బు మీది. ఉంచుకోనివాడికి ఆ సంగతి టీవీ చెప్పకముందే మీరు ఫోన్ చేసి చెప్పండి. జాబితాలో "విడుదల" అన్న మాట కింద పేర్ల వరస పెట్టి ఊరుకోకుండా, ఈ జట్టుకి అతనేం చేశాడో నాలుగు వాక్యాలు రాయండి. వీలైతే తర్వాతి సీజన్లో వేరే చొక్కాతో ఉప్పల్ వచ్చినప్పుడు టాస్‌కి ముందు పిలిచి ఓ జ్ఞాపిక చేతిలో పెట్టండి. టీకొట్టు దగ్గర కుర్రాళ్ళకీ ఒక మాట: నితీశ్ 2003లో పుట్టినవాడు, ఈ సీజన్లో కనీసం పది ఇన్నింగ్స్ అయ్యేదాకా ఆ ఆరు కోట్ల సంగతి ఎత్తకండి.